ఒక పద్యం, ఒక వారం: శతకాన్ని బతుకుతో సరిచూసుకోవడం ఎలా

"తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అన్న మాట వినని తెలుగువాళ్లు ఉండరు. ఆఫీసులో పని ఎగ్గొట్టేవాడి గురించీ, అప్పులవాళ్లకి దొరక్కుండా తిరిగేవాడి గురించీ నవ్వుతూ అంటుంటాం. సుమతీ శతకంలో ఆ పద్యం పూర్తిగా ఇదీ:

ఎప్పటికెయ్యది ప్రస్తుత
మప్పటికా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తానొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ

తప్పించుకు తిరగడానికి ముందు మూడు షరతులున్నాయి. సమయానికి తగిన మాట ఆడాలి. ఎదుటివాళ్ల మనసు నొప్పించకూడదు. తనూ నొచ్చుకోకూడదు. పని ఎగ్గొట్టేవాడు రెండో షరతు దగ్గరే పడిపోతాడు, ఎందుకంటే ఆ పని పక్కవాడి నెత్తిన పడుతుంది. బడిలో కంఠస్థం చేసిన పద్యాలు చాలావరకు మనకి ఇలాగే మిగిలాయి: చివరి పాదం నోట్లో ఉంది, దాని ముందున్న షరతులు ఎగిరిపోయాయి. పాఠం ఉన్నది ఆ షరతుల్లోనే. వాటిని తిరిగి పట్టుకుని, మీ ఇంట్లో మీ వీధిలో జరిగే సంగతులతో సరిచూసుకునే పద్ధతి ఇది. వారానికి ఒక పద్యం, రోజుకి పది నిమిషాలు, ఆదివారం ముప్పావుగంట చాలు.

ముందు కావలసినవి

ఒకే ఒక శతకం తీసుకోండి. మొదలుపెట్టేవాళ్లకి సుమతి గానీ వేమన గానీ సరిపోతాయి. సుమతిని బద్దెన రాశాడంటారు, పండితులకి ఆ విషయంలో ఏకాభిప్రాయం లేదు. దానితో మీకు పని లేదు. వేమన పద్యాలు నోటి మాటగా, తాటాకుల మీద చేతులు మారుతూ వచ్చాయి. సి.పి. బ్రౌన్ అనే ఆంగ్లేయ అధికారి వాటిని సేకరించి 1829లో అచ్చు వేయించాడు. అందుకే రెండు పుస్తకాల్లో ఒకే పద్యానికి మాటలు కాస్త తేడాగా కనబడితే కంగారు పడకండి, పాఠాంతరం అని పక్కన రాసుకుని ముందుకెళ్లండి. వేల పద్యాలున్న లావుపాటి సంపుటి మాత్రం ఇప్పుడే కొనొద్దు. నూరు పద్యాల చిన్న పుస్తకమే పూర్తవుతుంది.

పుస్తకంలో ప్రతిపదార్థం ఉండాలి. తాత్పర్యం ఒక్కటే ఉన్నది వద్దు. తాత్పర్యం రాసినాయన మీ బదులు పాఠం తీసేసి ఉంటాడు, పైగా చాలాసార్లు షరతుల్ని నమిలి మింగేసి ఉంటాడు. ప్రతిపదార్థం ఉన్న పుస్తకం దొరక్కపోతే పద్యం వికీసోర్స్‌లో చూసుకుని, మాటల అర్థాలు ఆన్‌లైన్‌లో ఉన్న ఆంధ్రభారతి నిఘంటువులో వెతుక్కోవచ్చు.

ఇక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, పెన్ను, పెన్సిల్. ఫోన్‌లో నోట్స్ యాప్ వద్దనడానికి కారణం ఉంది: ఈ పనిలో ఎడమ పేజీ, కుడి పేజీ ఎదురెదురుగా కనబడాలి. ఎడమ పేజీ పద్యానిది. కుడి పేజీ మీ వారానిది.

సోమవారం: పద్యాన్ని విప్పడం

పద్యం ఎడమ పేజీ పైభాగంలో రాయండి. మూడుసార్లు పైకి చదవండి. తర్వాత సంధులు విడగొట్టి మళ్లీ రాయండి: "ఎప్పటికి ఎయ్యది ప్రస్తుతము, అప్పటికి ఆ మాటలు ఆడి, అన్యుల మనముల్..." ఇలా. ఈ ఒక్క పనితోనే సగం పద్యాలు తేలికైపోతాయి.

ఇప్పుడు మోసం చేసే మాటలు పట్టుకోవాలి. తెలియని మాట మోసం చేయదు, నిఘంటువు చూస్తారు. తెలిసినట్టుండే మాటే మోసం చేస్తుంది. "వినదగు నెవ్వరు చెప్పిన, వినినంతనె వేగపడక వివరింపదగున్" అన్నచోట "వివరింపదగున్" అంటే ఇంకొకరికి వివరించి చెప్పమని కాదు. లోతుగా విచారించుకోమని. ఈ కాలపు అర్థం పెట్టుకుంటే, ఏది విన్నా పదిమందికీ చెప్పమన్నట్టు తయారవుతుంది. వాట్సాప్ ఫార్వర్డ్‌కి శతకం నుంచే అనుమతి దొరికినట్టు! అలాగే వేమన "కొంచెముండుటెల్ల కొదువ కాదు" అన్నప్పుడు కొదువ అంటే లోటు. ప్రతి పద్యంలోనూ ఇలాంటి మాట ఒకటైనా ఉందేమో వెతికి కింద గీత గీయండి.

ఆ తర్వాత, అసలు మాట ఏ పాదంలో ఉంది, పోలిక ఏ పాదంలో ఉంది అన్నది గుర్తించండి. వేమన ఆటవెలదుల్లో నాలుగో పాదం "విశ్వదాభిరామ వినురవేమ" అన్న మకుటం, కాబట్టి మీకు మిగిలేవి మూడే. "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు" అని రెండు పాదాలు పోలికకే పెట్టి, మూడో పాదంలో అసలు సంగతి చెబుతాడు. "అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను, సజ్జనుండు పల్కు చల్లగాను" అన్నచోట వరస తిరగబడుతుంది. సంగతి ముందొచ్చి, కంచూ కనకమూ మూడో పాదంలో వస్తాయి. పోలికకి గుండ్రంగా, సంగతికి గీతగా పెన్సిల్ గుర్తులు పెట్టండి. (విశ్వదాభిరామ అంటే ఏమిటన్న చర్చలోకి దిగకండి. ఆ వాదనలకి ఒక ఏడాది చాలదు.)

చివరగా, పద్యాన్ని "అయితే" ఉన్న ఒక్క వాక్యంగా మీ మాటల్లో రాయండి. "నీళ్లలోన మొసలి నిగిడి ఏనుగుబట్టు, బయట కుక్కచేత భంగపడును, స్థానబలిమి కాని తనబలిమి కాదయా" అన్నదాన్ని "చోటు గొప్పది" అని రాస్తే అది గోడ మీద రాసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. "ఒక చోట నెగ్గుకొచ్చినవాడు చోటు మారితే, ఆ నెగ్గడంలో చోటు వాటా ఎంతో ముందు లెక్క చూసుకోవాలి" అని రాస్తే, ఉద్యోగం మారబోయేవాళ్లు దాన్ని పట్టుకుని కూర్చుని లెక్క వేయొచ్చు: పాత ఆఫీసులో పనులు తన నేర్పు వల్ల ఎన్ని జరిగాయి, పదేళ్ల పరిచయాల వల్ల ఎన్ని జరిగాయి? "అయితే" పెట్టలేకపోతున్నారంటే పద్యం ఇంకా విడిపోలేదని. మళ్లీ ప్రతిపదార్థం దగ్గరికి వెళ్లండి.

మంగళవారం నుంచి శనివారం: సంగతులు రాయడం

రోజూ రాత్రి కుడి పేజీలో ఒక సంగతి మూడు వరసల్లో రాయండి. ఏం జరిగింది. ఎంత (డబ్బు, సమయం, లేదా అన్న మాట ఉన్నదున్నట్టు). అప్పుడు మీకేమనిపించింది. అంతే. తీర్పు వద్దు.

పెద్ద సంగతులు అక్కర్లేదు. కూరగాయల బండి దగ్గర చిల్లర గొడవ, పాలు విరిగిపోవడం, పిల్లాడు హోంవర్కు చేశానని అబద్ధం చెప్పడం, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ మీద రచ్చ, ఇలాంటివే సరిపోతాయి.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది, దాదాపు అందరూ చేస్తారు. పద్యం మనసులో పెట్టుకుని దానికి సరిపడే సంగతి కోసం వెతకడం. వెతికితే సంగతి దొరకని పద్యం ఉండదు. దొరికినవన్నీ పద్యమే రైటంటాయి, మీకు మాత్రం కొత్తగా ఏమీ తెలియదు. అందుకని రాత్రి రాసేటప్పుడు ఎడమ పేజీ మీద అట్టముక్క పెట్టి మూసేయండి. ఆ వారం పద్యానికి ఒక్క సంగతీ తగలకపోయినా నష్టం లేదు. ఆ సంగతులు మరో పద్యానికి పనికొస్తాయి.

పేర్లు రాయకండి, పొడి అక్షరాలు చాలు. ఇంట్లో పెట్టిన నోట్‌బుక్ ఏదో ఒకరోజు ఎవరో ఒకరు చదువుతారు.

ఆదివారం: జత పద్యంతో తూచడం

అసలు పని ఇది. ఒక్క పద్యంతో తూస్తే త్రాసుకి ఒకే పళ్లెం ఉన్నట్టు. అదే పుస్తకంలో, లేదా అదే కవిలో, ఈ పద్యానికి ఎదురు మాట్లాడేది వెతకండి. వెతికితే చాలాసార్లు దొరుకుతుంది.

సుమతిలోనే చూడండి. ఒక పద్యం:

అప్పుగొని సేయు విభవము
ముప్పున బ్రాయంపుటాలు మూర్ఖుని తపమున్
దప్పరయని నృపురాజ్యము
దెప్పరమై మీద కీడు దెచ్చుర సుమతీ

అప్పు చేసి వెలగబెట్టే వైభవం ఆపద తెస్తుందని. మరో పద్యం అప్పు ఇచ్చేవాడినే ఊరికి మొదటి అవసరంగా లెక్కపెడుతుంది:

అప్పిచ్చువాడు వైద్యుడు
నెప్పుడు నెడతెగక పారు నేరును ద్విజుడున్
జొప్పడిన యూరనుండుము
చొప్పడకున్నట్టి యూరు చొరకుము సుమతీ

అంటే అప్పు చెడ్డదా, మంచిదా? రెండు పద్యాల మధ్య గీత ఒక్క మాట మీద ఉంది: విభవము. మొదటిది అప్పుని తప్పుపట్టలేదు, అప్పు తెచ్చి చేసే ఆర్భాటాన్ని తప్పుపట్టింది. రెండోది, అవసరం పడ్డనాడు అప్పు పుట్టని చోట బతకొద్దంటోంది, వైద్యుడు లేని చోట బతకొద్దన్నట్టే.

ఇప్పుడు దీన్ని లెక్కలోకి దించండి. ఇంట్లో అమ్మాయి పెళ్లి, చేతిలో ఉన్నదానికి 3 లక్షలు తక్కువ పడుతోంది అనుకుందాం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 6,000 వడ్డీ. మూడేళ్లకి వడ్డీయే 2,16,000 అవుతుంది, అసలు అలాగే కూర్చుని ఉంటుంది. అదే 3 లక్షలు బ్యాంకులో 14 శాతానికి 36 నెలల వాయిదాల మీద తీసుకుంటే నెలకి దాదాపు 10,250, మొత్తం వడ్డీ 69 వేల చిల్లర. నెల కిస్తీ ఎక్కువ కనబడుతుంది కాబట్టి జనం మొదటిదానికే మొగ్గుతారు, "నెలకి ఆరువేలేగా" అని. అసలు తీరేది రెండోదాంట్లోనే అన్నది ఆ క్షణంలో తట్టదు.

తర్వాత ఆ 3 లక్షల జాబితాని పద్యంలోని మాట పెట్టి రెండుగా చీల్చండి. ఒక పక్క తప్పనివి: భోజనాలు, మండపం, పురోహితుడు, బట్టలు. ఇంకో పక్క విభవం: స్టేజీకి అదనపు పూలు, డ్రోన్ వీడియో, విస్తట్లో ఎవరూ ముట్టని ఆరో స్వీటు. విభవం పక్క లక్షా ఇరవై వేలు తేలిందనుకోండి. అది తీసేస్తే అప్పు 1,80,000కి దిగుతుంది. రెండు రూపాయల వడ్డీ లెక్కనే నెలకి 2,400 మిగులు, మూడేళ్లకి 86,400. ఏది తప్పనిది, ఏది విభవం అన్నది ఇంటింటికీ మారుతుంది. వియ్యాలవారి దగ్గర మాట పడకూడదన్నది కూడా కొందరికి తప్పనిదే. ఆ నిర్ణయం శతకం చేయదు, మీరే చేయాలి. శతకం ఇచ్చింది చీల్చే గీత మాత్రమే.

"చదివింపులతో తీరిపోతుందిలే" అన్న మాట కూడా ఆ పేజీలోనే రాసి తూచండి. చదివింపుల పుస్తకంలో ఎవరు ఎంత రాశారో అది రేపు వాళ్లింటి శుభకార్యంలో తిరిగి చదివించాల్సినదే. వడ్డీ లేని అప్పు అది, కానీ అప్పే.

ఇంకో జత చిన్నగా. "తినగ తినగ వేము తియ్యనుండు, సాధనమున పనులు సమకూరు ధరలోన" అన్న వేమన పేరు మీదే "ఎలుక తోలు తెచ్చి ఏడాది ఉతికిన నలుపు నలుపే గాని తెలుపు కాదు" అన్న పద్యమూ ఉంది. పిల్లాడికి లెక్కలు రావట్లేదని రోజూ రెండు గంటలు కూర్చోబెడుతున్న తల్లి ఏ పద్యం నమ్మాలి? వేపాకు తీపెక్కడం పోలికని జాగ్రత్తగా చూడండి. ఆకు మారలేదు, తినేవాడి నాలుక మారింది. ఎలుక తోలు దగ్గర ఉతికేవాడు తోలు మారాలని చూస్తున్నాడు. కాబట్టి అడగాల్సింది: మారాల్సింది చేసేవాడి అలవాటా, ఎదుటి వస్తువు స్వభావమా? ఎక్కాలు రాకపోవడం అలవాటు సంగతి, సాధనకి లొంగుతుంది. పిల్లాడికి అంకెలు ఇష్టం కావాలని కోరుకోవడం తోలు ఉతకడమే. రెండు గంటల్లో ఏ అరగంట దేనికి పోతోందో రాసి చూస్తే ఆ తల్లికే తెలుస్తుంది.

జత దొరకని పద్యాలుంటాయి. అప్పుడు కుడి పేజీలోంచి ఆ పద్యానికి అడ్డం తిరిగిన సంగతి ఒకటి తీసుకోండి. "ఎప్పుడు సంపద కలిగిన నప్పుడు బంధువులు వత్తురు" అన్నది నిండిన చెరువులో కప్పల పోలిక. ఏమీ లేని రోజుల్లో బియ్యం బస్తా పంపించిన మేనమామ ఎవరింట్లోనైనా ఉంటాడు. ఆయన్ని ఆ పద్యం కింద రాయండి, "ఈయనకి వర్తించదు" అని.

ఆదివారం చివర ఎడమ పేజీ అడుగున ఒక్క పని రాయండి, అంకె గానీ తేదీ గానీ ఉండేలా. "వాయిదాలు కట్టడంలో జాగ్రత్తగా ఉండాలి" అన్నది పని కాదు. "ఫార్వర్డ్ వచ్చిన ఆరోగ్య చిట్కా ఏదైనా 24 గంటలు గడిచే దాకా పంపను" అన్నది పని. పక్కన 90 రోజుల తర్వాతి తేదీ వేయండి. ఆ రోజు వచ్చి చేశారా లేదా అన్నది ఒక్క మాటలో రాయండి. చేయకపోతే ఎందుకు కుదరలేదో రాయండి. చాలాసార్లు ఆ కారణమే పద్యానికి రాయని షరతు అవుతుంది.

ఎక్కడ చెడుతుంది

పద్యం చదవగానే "ఇది మా ఆడపడుచుకి సరిగ్గా సరిపోతుంది" అనిపించడం మొదటిది. అందులో తప్పేం లేదు, అందరికీ అనిపిస్తుంది. కానీ రాసేటప్పుడు వాక్యానికి కర్త "నేను" ఉండాలన్న నియమం పెట్టుకోండి. కర్త మారితే ఆ పేజీ చాడీల పుస్తకమవుతుంది.

రెండోది ఆత్రం. మొదటి వారం ఏడు పద్యాలు రాసి, నాలుగో వారానికి నోట్‌బుక్ అటకెక్కుతుంది. ఏడాదికి 52 వారాలున్నా పండగలూ ప్రయాణాలూ జ్వరాలూ పోను ముప్పై పద్యాలైతే గొప్ప. ఒక వారం తప్పితే అదే పద్యంతో మళ్లీ మొదలుపెట్టండి, రెండు కలిపి చేయకండి.

మూడోది భక్తి. పాతది కాబట్టి ప్రతి మాటా నిజమే అయి ఉండాలనుకోవడం. శతకాల్లో ఆడవాళ్లని, కొన్ని కులాలని, ఒంటి లోపాల్ని చిన్నబుచ్చే పద్యాలు ఉన్నాయి. "కనకపు సింహాసనమున శునకము" పద్యం పదవిలోకి కొత్తగా వచ్చినవాళ్లని కించపరచడానికి ఎంత వాడుకలో ఉందో తెలిసిందే. అలాంటివాటిని దాటేయకండి. రాసి, కింద "ఒప్పుకోను" అని, ఎందుకో ఒక్క కారణం రాయండి. కారణం రాయడానికి ఓపిక లేకపోతే అది నచ్చకపోవడం మాత్రమే, ఇంకా తూచలేదన్నమాట. ఒక పద్యంలో సగమే పనికిరావచ్చు. పైన చూసిన అప్పు పద్యంలోనే "ముప్పున బ్రాయంపుటాలు" అన్న పాదం ఉంది. ముసలితనంలో పడుచుదాన్ని చేసుకున్నవాడి కష్టం చెప్పింది గానీ, ఆ పడుచుపిల్ల కష్టం గురించి ఒక్క మాటా లేదు. మొదటి పాదం ఉంచుకోండి, రెండోదాని పక్కన ఆ లోటు రాసుకోండి.

పిల్లలతో చేయాలంటే

ఎనిమిదేళ్లు దాటితే చాలు. పద్యం మీరు చదవండి, సంగతి వాళ్లని చెప్పమనండి. "దీన్నిబట్టి నీకేం తెలిసింది?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి పిల్లలు బడి జవాబు చెప్పేస్తారు. "ఇది ఎక్కడ తప్పవుతుంది?" అని అడగండి. ఎలుక తోలు పద్యానికి ఈ ప్రశ్న వేస్తే "బ్లీచింగ్ పౌడర్ వేస్తే?" అంటారు. నవ్వి ఊరుకోకుండా అది కూడా రాయించండి. విదేశాల్లో తెలుగు సరిగా చదవలేని పిల్లలైతే పద్యం నోటికి నేర్పి, సంగతి వాళ్లకి వచ్చిన భాషలోనే చెప్పనివ్వండి. ఇందులో భాష కంటే సంగతే ముందు.

ఉగాది నాడు

ఏడాదికోసారి, ఉగాది గానీ మీకు వీలైన రోజు గానీ, నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేయండి. కుడి పేజీలో ఒక్క సంగతీ తగలని పద్యాలని వచ్చే ఏటికి నెట్టండి. 90 రోజుల తేదీ దాటి ఖాళీగా ఉన్నవాటికి ఆ రోజే జవాబు రాయండి. అప్పుడు రాసిన వాక్యం ఇప్పుడు తప్పనిపిస్తే చింపేయకండి, పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన కొత్తది రాయండి. గీత పెన్సిల్‌తోనే ఎందుకంటే, కొట్టేసిన వాక్యాలు రెండు మూడేళ్లకి మళ్లీ పనికొస్తుంటాయి, అందులోనూ ఎలుక తోలు లాంటి పద్యాలవి.